మందుల చీటీని చదివేదెవరు?

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలో ప్రశ్నోత్తరాల సమయంలో మందుల ప్రస్తావన రాకుండా పోవడం అరుదు. ధరల నియంత్రణ జాబితాలో ఎన్ని మందులున్నవి, జన ఔషధి దుకాణాలు ఏ రాష్ట్రంలో ఎన్ని తెరిచారు, నాసిరకం సరుకు తయారుచేసిన ఫ్యాక్టరీలపై ఏమి చర్య తీసుకున్నారు అని సభ్యులు అడుగుతారు. మంత్రిగారు అంకెలు చదువుతారు. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని ఈ ప్రశ్నలను, ఈ జవాబులను ఏండ్ల తరబడి రాసుకుంటున్న నాకు ఒక లోటు కనిపిస్తూ వచ్చింది. ఫ్యాక్టరీ గురించి అడుగుతారు, దుకాణం గురించి అడుగుతారు, ధర గురించి అడుగుతారు. ఈ మూడింటినీ రోగితో ముడిపెట్టే చిన్న కాగితం ఒకటున్నది. అది డాక్టరు రాసే మందుల చీటీ. దాని గురించి అడిగేవారు బహు తక్కువ.

ఈ చీటీకి ఉన్న విశేషం ఏమంటే, దానిని రాసేవారు ఒకరు, డబ్బు చెల్లించేవారు మరొకరు. బియ్యం కొనేటప్పుడు ఏ రకం కొనాలో, ఎంత కొనాలో ఇంటి యజమాని నిర్ణయించుకుంటాడు. మందు కొనేటప్పుడు ఆ స్వేచ్ఛ అతనికి లేదు. ఉన్నా నిర్ణయించగల జ్ఞానం లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, ఒకరి కలం మరొకరి జేబును ఖాళీ చేస్తుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు స్వయంగా చేతి నుంచి పెట్టుకున్నదే. 2013-14లో ఇది 64.2 శాతం ఉండేది. తగ్గుదల గమనార్హమే. కాని 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గాని, 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ గాని ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం ఏర్పడినవి. జ్వరమో, దగ్గో, మోకాలి నొప్పో వచ్చి పేటలోని డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చే సామాన్యుడికి ఆ చీటీ ఖర్చు నేటికీ సొంత ఖర్చే.

ఈ చీటీపై ప్రభుత్వం దృష్టి అసలే పడలేదని అనడం న్యాయం కాదు. పడింది. అయితే అర్ధ శతాబ్దంగా ఆ దృష్టి ఒక్క విషయం మీదనే నిలిచిపోయింది. అది మందు పేరు. కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు రాయాలా, శాస్త్రీయమైన జనరిక్ పేరు రాయాలా అన్నదే వివాదం. జైసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1975లో నివేదిక సమర్పించింది. నూటికి పైచిలుకు మందులతో అత్యవసర ఔషధాల జాబితా ఒకటి తయారుచేసి, బ్రాండ్ పేర్లను దశలవారీగా తొలగించాలని సిఫార్సు చేసింది. జనతా ప్రభుత్వం 1978లో ప్రకటించిన ఔషధ విధానంలో ఆ సిఫార్సు అయిదు మందులకు కుంచించుకుపోయింది. ఆస్పిరిన్, అనాల్జిన్ వంటి ఆ అయిదింటి విషయంలో కూడా కంపెనీలు కోర్టుకెక్కడంతో అమలు ఆగిపోయింది.

తరువాత పావు శతాబ్దానికి భారత వైద్య మండలి 2002 ప్రవర్తనా నియమావళిలో, వీలైనంతవరకు జనరిక్ పేర్లు రాయవలసిందని డాక్టర్లకు సూచించింది. 2016లో దానిని సవరించి, పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో ఉండాలన్నది. 2017 ఏప్రిల్‌లో సూరత్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ జనరిక్ పేర్ల కోసం చట్టపరమైన ఏర్పాటు చేయనున్నట్లు సూచించారు. వైద్య మండలి స్థానంలో 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు జారీచేసి, జనరిక్ పేరు రాయని డాక్టర్లకు శిక్షలు కూడా నిర్దేశించింది. దేశవ్యాప్తంగా డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పినవి. ఆగస్టు 23న నిబంధనలను నిలిపివేశారు. యాభై ఏండ్ల వివాదానికి పరిష్కారం మూడు వారాలకు మించి బ్రతకలేదు.

డాక్టర్ల అభ్యంతరాన్ని కేవలం స్వార్థంగా కొట్టివేయలేము. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, షెడ్యూలు హెచ్‌లో చేరిన మందుల విషయంలో దుకాణదారు చీటీలో రాసిన మందుకు బదులు మరొకటి ఇవ్వరాదు. డాక్టరు బ్రాండ్ పేరు రాస్తే అదే ఇవ్వాలి. జనరిక్ పేరు రాస్తే మాత్రం ఏ కంపెనీ సరుకు ఇవ్వాలన్నది దుకాణదారు ఇష్టం. అతడు ఏది ఇస్తాడు? సాధారణంగా తనకు ఎక్కువ మిగిలేది ఇస్తాడు. మెడికల్ రిప్రజెంటేటివ్‌ల అవసరం లేకుండా నేరుగా దుకాణాలకే అమ్మే జనరిక్ సరుకులో, డబ్బామీద వేసిన గరిష్ఠ ధరకు, దుకాణానికి పడిన ధరకు మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా రోగికి దక్కాలన్న నియమం లేదు. అంటే ఎంపిక చేసే అధికారం డాక్టరు చేతి నుంచి దుకాణదారు చేతికి మారుతుందే గాని, రోగి చేతికి రాదు. దీనికి తోడు అన్ని ఫ్యాక్టరీల సరుకు ఒకే నాణ్యత కలిగి ఉంటుందన్న భరోసా లేదు. శరీరంలో సులభంగా కరగని కొన్ని తరగతుల మందుల విషయంలో, జనరిక్ మందు అసలు మందుతో సమానంగా పనిచేస్తున్నదని రుజువు చూపాలనే నిబంధన 2017లో గాని రాలేదు.

అయినా నా దృష్టిలో పేరు విషయం అసలు జబ్బు కాదు. అనవసరమైన మందును జనరిక్ పేరుతో రాసినా అది అనవసరమైన మందే. చవకగా దొరికే అనవసరపు మందు రోగికి చేసే మేలు ఏమీ లేదు. చీటీలో ఏ పేరు ఉన్నది అనే ప్రశ్నకు ముందు, ఆ మందు ఎందుకున్నది అనే ప్రశ్న రావాలి.

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2019 ఆగస్టు నుంచి 2020 ఆగస్టు వరకు 13 పెద్ద ఆసుపత్రులలో 4,838 మందుల చీటీలను నిపుణులు పరిశీలించారు. వాటిలో సుమారు 45 శాతం ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాల నుంచి తప్పినవని తేలింది. 475 చీటీలు, అంటే దాదాపు పదింట ఒకటి, ఏ విధంగానూ అంగీకరించలేనంతగా తప్పినవి. అటువంటి చీటీలలో అందరికంటె ముందు వరుసలో కనిపించిన మందు కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్. గమనించవలసినది ఏమంటే ఇవి మారుమూల క్లినిక్కులు కావు. విద్యార్థులకు వైద్యం నేర్పే ఆచార్యులున్న ఆసుపత్రులు.

ఈ ఫలితం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాడిని కనుక, తూర్పు ఢిల్లీలో మా కాలనీలోని తెలుగు కుటుంబాల పెద్దలు తమ చీటీలు చదివిపెట్టమని నా దగ్గరకు తెస్తుంటారు. షేక్స్‌పియర్ చదివినంతమాత్రాన డాక్టరు దస్తూరీ చదవడం రాదని చెప్పినా వినరు. ఒకాయనకు తలతిరుగుడు, ఒకామెకు మోకాళ్ల నొప్పి, మరొకరికి మూడు రోజుల జలుబు. జబ్బులు వేరైనా చీటీల ఆకారం ఒకటే. ఒక యాంటీబయాటిక్, ఒక జ్వరం మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, ఒక విటమిన్ మాత్ర, ఒక సిరప్. జబ్బు పేరు ఎక్కడా ఉండదు. ఏ మందు దేనికో రోగికి తెలియదు. ఎప్పుడు మానాలో అసలే తెలియదు. నెలల తరబడి గ్యాస్ మాత్ర వాడుతున్నవారిని ఎందుకని అడిగితే, రాసి ఉన్నది కదా బాబూ అని సమాధానం.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో జరిగిన ఘోరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విషపూరితమైన డైఎథిలిన్ గ్లైకాల్ కలిసిన దగ్గు మందు తాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. తయారుచేసిన ఫ్యాక్టరీపై, తనిఖీ అధికారులపై చర్చ జరిగింది. అది జరగవలసిందే. విషం కలిపినవారి నేరానికి మినహాయింపు ఉండరాదు. కాని రెండవ ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ సిరప్‌లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ సమ్మేళనాన్ని నాలుగేండ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని డబ్బాలపై ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు మందులు రాయవద్దని, అయిదేండ్లలోపు వారికి సాధారణంగా అవి అవసరం లేదని 2025 అక్టోబరులో ఆరోగ్య సేవల డైరెక్టరేట్ మళ్లీ చెప్పవలసి వచ్చింది. సామాన్యమైన జలుబుకు పసివాడికి సిరప్ రాయడం ఒక అలవాటుగా మారకపోయి ఉంటే, ఆ విషం చేరిన ఇండ్ల సంఖ్య కొంతైనా తగ్గి ఉండేది కదా!

ఇంతకూ చీటీని చదివేవారు ఎవరూ లేరా? ఉన్నారు. మందుల కంపెనీలు చదువుతున్నవి. ఏ ప్రాంతంలో ఏ రకం డాక్టర్లు ఏ మందు ఎంత రాస్తున్నారో లెక్కలు సేకరించి అమ్మే మార్కెట్ పరిశోధన సంస్థలు దేశంలో చిరకాలంగా పనిచేస్తున్నవి. పేటలోని డాక్టరు గతనెలలో తమ మాత్ర రాశాడా, పోటీ కంపెనీ మాత్ర రాశాడా అన్నది దుకాణంలో విచారించి తెలుసుకోవడం మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగంలో భాగం. కాలేజీ వదిలిన తరువాత కొత్త మందుల సమాచారం అనేకమంది డాక్టర్లకు అందేది కూడా ఆ రిప్రజెంటేటివ్ నోటి నుంచే. ఆ విధంగా ఒక డాక్టరు మందులు రాసే తీరు, దానిని మార్చడంలో లాభమున్న కంపెనీకి తెలుసు. దానిని సరిదిద్దవలసిన ప్రభుత్వానికి తెలియదు. ఆ డాక్టరుకు కూడా తన తీరు ఇతర డాక్టర్లతో పోలిస్తే ఎలా ఉన్నదో తెలియదు.

కానుకల గురించి వేరే చెప్పనక్కరలేదు. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు తీసుకోరాదని వైద్య మండలి 2009లోనే నిషేధించింది. కంపెనీలు ఇచ్చే ఇటువంటి కానుకల ఖర్చును వ్యాపార వ్యయంగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోరాదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఖర్చు చివరకు మందు ధరలో కలిసి రోగి నెత్తిన పడుతుందని ఆ తీర్పు గుర్తించింది. 2024 మార్చిలో కేంద్రం కంపెనీలకు ఏకరూప మార్కెటింగ్ నియమావళి ప్రకటించింది. బహుమతులు, విహార యాత్రలు నిషేధమన్నది. ఉచిత నమూనాల విలువ ఏటా దేశీయ అమ్మకాలలో 2 శాతం మించరాదన్నది. అయితే ఫిర్యాదులను విచారించేది కంపెనీల సంఘాలు ఏర్పాటు చేసుకునే కమిటీలే. కంచెను కాపాడే పని చేను మేసేవారికే అప్పగించినట్లున్నది.

ఇరుగుపొరుగు దేశాల అనుభవం ఈ సందర్భంలో పనికివస్తుంది. పాకిస్తాన్ 1972లో బ్రాండ్ పేర్లను ఒక్క చట్టంతో రద్దు చేసింది. నాణ్యత పరీక్షించే ఏర్పాటు, డాక్టర్ల సమ్మతి రెండూ లేకపోవడంతో నాలుగేండ్లలోనే, 1976లో, వెనుకకు తగ్గవలసి వచ్చింది. శ్రీలంకలో సేనక బిబిలె అనే ఔషధశాస్త్ర ఆచార్యుడు వేరే మార్గం పట్టాడు. ఆయన సలహాపై 1971లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధ సంస్థ, దేశానికి అవసరమైన మందులేవో ముందు జాబితా వేసుకుని వాటినే ప్రపంచ విపణిలో పోటీ ధరలకు కొన్నది. బంగ్లాదేశ్ 1982లో జఫరుల్లా చౌధురి వంటి వైద్యుల కృషితో 1,700కు పైగా నిరుపయోగమైన, హానికరమైన మందులను ఒక్కసారిగా తొలగించింది. అమెరికా నుంచి ఒత్తిడి వచ్చినా విధానం నిలిచింది. దేశీయ పరిశ్రమ కూడా పెరిగింది. పేరుతో మొదలుపెట్టినవారు ఓడిపోయారు. ఏ మందు అవసరం అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు కొంతైనా సాధించారు. మన దేశం 2016 మార్చిలో 344 అసంబద్ధ సమ్మేళన మందులను నిషేధించి, కోర్టులలో వాదించి, తిరిగి నిపుణులతో పరిశీలన జరిపించి, 2018 సెప్టెంబరులో 328 మందుల నిషేధం వరకు రావడానికి రెండున్నరేండ్లు పట్టింది.

తెలుగు జిల్లాలకు సంబంధించి ఒక మాట. 2023లో నిలిపివేసిన నిబంధనలు రిజిస్టరైన వైద్య వృత్తిదారుల కోసం రాసినవి. ఇంగ్లీషులో వారిని మూడు అక్షరాలతో ఆర్.ఎం.పి. అంటారు. మన పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరు అంటే, సాధారణంగా ఏ రిజిస్టరులోనూ పేరు లేని వైద్యుడు. రాత్రివేళ పిలిస్తే వచ్చేది ఆయనే. అప్పు పెట్టి సూది మందు వేసేది ఆయనే. ఆయనకు పాఠ్యపుస్తకం పట్నం డాక్టరు రాసిన చీటీ. అక్కడ మూడు రోజుల జ్వరానికి ఒక యాంటీబయాటిక్ కనిపిస్తే, ఇక్కడ మొదటిరోజు జ్వరానికే అది వస్తుంది. రోగి కోరేదీ పాలే, వైద్యుడు చెప్పేదీ పాలే అన్న సామెత మనకున్నది. నేడు రోగి కోరేది ఇంజెక్షన్, సెలైన్, వైద్యుడిచ్చేదీ అవే. కనుక పట్నం డాక్టరు చీటీ మారితే గాని పల్లె వైద్యం మారదు. హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. ఫ్యాక్టరీ నెలకొన్న నాటి నుంచి దేశానికి మందులు తయారుచేసి పెడుతున్న ప్రాంతం మనది. ప్రపంచానికి చవకగా మందులమ్మే ప్రాంతంలో మందును వివేకంతో వాడటం మాత్రం అలవడలేదు.

ఏమి చేయవచ్చు? కొత్త చట్టం అవసరం లేని పనులే ముందు చేయవచ్చు. మూడు సాధనాలు ఇప్పటికే ఉన్నవి. మొదటిది, 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న షెడ్యూలు హెచ్1. దాని ప్రకారం ప్రతి మందుల దుకాణం ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం ఒక రిజిస్టరులో నమోదుచేసి మూడేండ్లు భద్రపరచాలి. ఆ రిజిస్టర్లను ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించడానికి ఉంచుతున్నారే గాని, వాటిని కూడి చూసేవారు లేరు. రెండవది, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, సి.జి.హెచ్.ఎస్. దాని డాక్టర్లు రాసేదీ ప్రభుత్వమే, డబ్బు చెల్లించేదీ ప్రభుత్వమే. ఎం.పి.లు, మాజీ ఎం.పి.లు, గుర్తింపు పొందిన పాత్రికేయులు కూడా దాని లబ్ధిదారులు. తనిఖీ తమ ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. మూడవది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే రూపొందించిన సరళమైన కొలమానాలు. ఒక చీటీకి సగటున ఎన్ని మందులు, నూటికి ఎన్ని చీటీలలో యాంటీబయాటిక్, ఎన్నింటిలో ఇంజెక్షన్, ఎన్ని మందులు జనరిక్ పేరుతో, ఎన్ని అత్యవసర జాబితా నుంచి అన్న లెక్కలవి. ఒక గుమాస్తా సైతం తీయగల లెక్కలు.

ఈ లెక్క తీసి శిక్షించమని నేను అనడం లేదు. శిక్ష భయంతో రాసిన నిబంధన గతి 2023లో చూశాము. పూటకు వందమంది రోగులను చూసే డాక్టరు, పరీక్షల వసతి లేని చోట, రేపు రోగి తిరిగి వస్తాడన్న నమ్మకం లేక ఒక యాంటీబయాటిక్ అదనంగా రాయడం అర్థం చేసుకోదగినదే. ఇంగ్లండులో 2014లో చేసిన ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పదగినది. యాంటీబయాటిక్‌లు ఎక్కువగా రాసే క్లినిక్కుల డాక్టర్లకు ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ఒక ఉత్తరం రాశారు. మీ ప్రాంతంలో ఎనభై శాతం క్లినిక్కులు మీకంటె తక్కువ రాస్తున్నవి అన్నదే దాని సారాంశం. జరిమానా లేదు, బెదిరింపు లేదు. ఆరు నెలలలో ఆ క్లినిక్కులలో యాంటీబయాటిక్‌లు రాయడం 3.3 శాతం తగ్గింది. అంకె చిన్నదిగా కనిపించవచ్చు. ఒక ఉత్తరం ఖర్చుతో 73,000కు పైగా యాంటీబయాటిక్ చీటీలు తగ్గినవంటే చిన్న విషయం కాదు. రోగుల పేర్లు బయటపడకుండా, డాక్టరు తన అంకెను తన జిల్లా సగటుతో పోల్చుకునే ఏర్పాటు మన ప్రభుత్వ ఆసుపత్రులలోనైనా చేయవచ్చు.

2010 ఆగస్టులో ఒక విదేశీ వైద్య పత్రిక, ఏ యాంటీబయాటిక్‌కూ సులభంగా లొంగని క్రిములలోని ఒక జన్యువు గురించి వ్యాసం ప్రచురించింది. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు. రాజధాని పేరు పెట్టినందుకు పార్లమెంటులో ఆగ్రహం వ్యక్తమైంది. పర్యాటకానికి నష్టమన్నారు, కుట్ర అన్నారు. పేరు గురించి అంత పట్టుదల చూపినవారిలో, ఆ క్రిములు అంత మొండిగా తయారయ్యేటట్లు యాంటీబయాటిక్‌లు ఎవరు రాస్తున్నారు, ఎందుకు రాస్తున్నారు అని అడిగినవారు తక్కువ. 2024 జనవరిలో ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్, యాంటీబయాటిక్ రాసేటప్పుడు అది ఏ జబ్బుకో కూడా చీటీలో రాయవలసిందని వైద్య కళాశాలల డాక్టర్లను కోరారు. ఇది విజ్ఞప్తి మాత్రమే. కాని యాభై ఏండ్ల చర్చలో వచ్చిన అతి సరళమైన, అతి తెలివైన సూచన ఇదే అని నా అభిప్రాయం. జబ్బు పేరు పక్కన ఉంటే మందు అవసరమా కాదా అని మరొక డాక్టరు చెప్పగలడు. రోగి కూడా అడగగలడు.

పార్లమెంటు సభ్యులు ధరల గురించి అడగడం మానవలసిన అవసరం లేదు. ఆ ప్రశ్నకు తోడు మరొక ప్రశ్న అడగాలి. సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీలలో గత సంవత్సరం నూటికి ఎన్ని చీటీలలో యాంటీబయాటిక్ ఉన్నది? ఎన్నింటిలో జబ్బు పేరు ఉన్నది? మంత్రిగారి దగ్గర ఈ రోజు ఆ అంకె ఉండే అవకాశం తక్కువ. ప్రశ్న పడితే మాత్రం ఎవరో ఒక అధికారి కూర్చుని ఆ చీటీలను లెక్కపెట్టవలసి వస్తుంది. కంపెనీ గుమాస్తాలు ఇన్నేండ్లుగా చేస్తున్న పనే అది. రోగి తరఫున మొదటిసారి జరుగుతుంది.